ఎవరి వంతో రాసుకోని పట్టిక

దర్శిలో మా డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు కిటికీలు రోడ్డు వైపుకి ఉంటాయి. పత్తి లారీలు పోయినంతకాలం దుమ్మే. పొద్దున తుడిచిన కీబోర్డు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. నేను అక్కడ పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఒక ఏడాది ప్రిన్సిపాల్ గారు కంప్యూటర్లన్నిటికీ గుడ్డ కవర్లు కుట్టించమన్నారు. కొలతలు రాసుకుని బజారులో ఉన్న టైలర్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

ఆయనకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఊళ్ళో సగం మంది పిల్లల యూనిఫారాలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. నేను వెళ్ళేసరికి బట్ట కత్తిరించే బల్ల ఒక కొసన చదరంగం పరుచుకుని ఒక్కరే రెండు వైపులా ఆడుకుంటున్నారు. చదరంగం బల్ల కాదు, గుడ్డ. యూనిఫారాల్లో మిగిలిన ఖాకీ ముక్కలు, తెల్ల ముక్కలు అతికి కుట్టిన అరవై నాలుగు గళ్ళ గుడ్డ. కవర్ల కొలతలు రాసుకుంటూ ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. ఈ కవర్లు వేసే మిషన్లు చదరంగం ఆడతాయా అని. ఆడతాయండి, నేను సొంతంగా రాసిన ప్రోగ్రాం కూడా ఒకటుంది అన్నాను.

అది నిజమే. రెండు వేసవి సెలవులు ఖర్చుపెట్టి ఆ ప్రోగ్రాం రాశాను. పుస్తకంలో ఉన్నది బోర్డు మీద ఎక్కించడం కాకుండా, ఒక యంత్రం ఎలా ఆలోచిస్తుందో పిల్లలకి విప్పి చూపించాలన్నది నా కోరిక. అది గొప్పగా ఏమీ ఆడేది కాదు. నన్ను ఓడించేది, కానీ అదేమంత ఘనకార్యం కాదు.

మాస్టారు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, గుడ్డ మీదున్న బొమ్మలన్నీ పక్కకి జరిపారు. రెండు రాజుల్ని, కొన్ని బంట్లని తీసి కొత్తగా పేర్చారు. పట్టుమని అర నిమిషం కూడా పట్టలేదు.

"మీ ప్రోగ్రాంని ఇది అడగండి మేడం గారూ. తెల్లవాడు నేను. ఎత్తు నాది. ఇది గెలిచే ఆటా, కాదా?"

అప్పుడు చెప్పారు పొదిలి సంగతి. ముప్పై ఏళ్ళ కిందటి మాట. పొదిలి హైస్కూలు వరండాలో చదరంగం పోటీలు పెట్టారట. మొదటివాడిగా నిలిచినవాడు గుంటూరులో జరిగే పెద్ద పోటీకి వెళ్ళాలి. చివరి ఆటలో మాస్టారికి ఎదురుగా కూర్చున్నది ఆయన స్నేహితుడే. ఆ స్నేహితుడిది వినుకొండ దగ్గర పల్లె, ఇప్పుడు మిరప వేస్తాడు, అప్పట్లో పొదిలి దగ్గర పొగాకు కౌలుకి చేసేవాడు. పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కూర్చుని ఇద్దరూ ఏళ్ళ తరబడి ఆడుకున్నవాళ్ళే. ఆట సాగీ సాగీ ఈ రాజులూ బంట్లూ మిగిలిన చోటికి వచ్చింది. స్నేహితుడు తలెత్తి, ఇంక సమానం అనుకుందాం రా అన్నాడు. ఈయన చెయ్యి కలిపారు. ఇద్దరికీ అర్ధ పాయింటు వచ్చింది, ఆ అర్ధ పాయింటు తేడాతో మూడోవాడెవరో గుంటూరు వెళ్ళాడు. బస్టాండుకి నడిచి వస్తుంటే ఆట చూసినవాళ్ళలో ఒకాయన, "గెలిచే ఆట వదిలేశావయ్యా" అన్నాడట. ఆ మాట మాస్టారి చెవిలో అలాగే ఉండిపోయింది. స్నేహితుడు కలిసినప్పుడల్లా ఈయన గెలుపంటారు, ఆయన కాదంటాడు.

నేను ఆ పేర్పు కాగితం మీద గీసుకుని వెళ్ళాను. గంటలో చెప్పేస్తుందిలే అనుకున్నాను.

చెప్పలేదు. చదరంగం ప్రోగ్రాం చేసేది నిజానికి మొండిపని. నేను ఈ ఎత్తు వేస్తే వాడు ఏమేం వేయగలడు, దానికి మళ్ళీ నేనేం వేయగలను అని ఒక్కో ఎత్తూ లోతుకి దిగుతూ పోతుంది. మాస్టారి ఆటలో బంట్లన్నీ ఒకదానికొకటి అడ్డం పడి ఉన్నాయి. కదిలేవి రెండు రాజులే. గెలుపు ఉంటే అది ఇరవై ఎత్తుల అవతల ఉంటుంది. నా ప్రోగ్రాం పదమూడో ఎత్తు దాకా దిగి, అక్కడ బురదలో దిగిన బండిలా ఆగిపోయింది. సాయంత్రం పెట్టి వెళ్ళి పొద్దున వచ్చి చూస్తే ఒక్క ఎత్తు కిందికి దిగింది.

ఎందుకో నాకు తెలుసు. రాజు నాలుగు అడుగుల్లో ఒక గడికి చేరడానికి ఎన్నో దారులున్నాయి. ఏ దారిన వచ్చినా చేరేది అక్కడికే. నా ప్రోగ్రాం మాత్రం ప్రతి దారినీ కొత్త ప్రయాణంలా లెక్కపెట్టి, చేరిన చోటు నుంచి మళ్ళీ మొదలెట్టి అంతా ఆలోచించేది. ఇంతకు ముందు చూసిన పేర్పు ఇదే కదా అని దానికి గుర్తుండదు. గుర్తుపెట్టుకునే ఏర్పాటు నేను రాయలేదు కనక.

కవర్లు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఇదే చెబితే మాస్టారు నవ్వి, డ్రాయరు లోంచి అట్ట ఊడిపోయిన నోటు పుస్తకం తీశారు. అందులో మనుషుల కొలతలు. ఒకసారి కొలిచినవాడిని మళ్ళీ కొలవను, పుస్తకం చూసి కత్తిరిస్తాను అన్నారు. మరి పుస్తకం నిండిపోతే అన్నాను. పాతవాళ్ళ పేజీలో కొట్టేసి కొత్తవాళ్ళది రాస్తాను, ఆ పాతాయన వస్తే మళ్ళీ టేపు తీయాల్సిందే అన్నారు. తరగతిలో నేను గంటసేపు చెప్పే పాఠం అది.

ఆ నెల రోజులూ క్లాసులయ్యాక కూర్చుని పట్టిక రాశాను. ప్రోగ్రాం ఒక పేర్పుని చూడగానే దానికో అంకె కడుతుంది. ఆ అంకెని బట్టి మెమరీలో ఒక అరలో తన తీర్పు దాచుకుంటుంది. మళ్ళీ అదే పేర్పు ఎదురైతే అర తెరిచి చూసుకుని ముందుకి పోతుంది. అరలు తక్కువైతే పాత తీర్పులు చెరిగిపోతాయి, చెరిగినవన్నీ మళ్ళీ ఆలోచించాలి. మొదట పట్టికకి ఒక ఎంబీ ఇచ్చాను. అంతకు ముందు రాత్రంతా పట్టిన లోతు, నేను టీ తాగి వచ్చేలోపు దాటేసింది. నాలుగిచ్చాను, పదహారిచ్చాను, అరవై నాలుగిచ్చాను. ఇచ్చినకొద్దీ లోతుకి దిగింది. కానీ మొదటి ఎంబీ ఇచ్చినంత లాభం తరవాతి పదహారూ ఇవ్వలేదు. ఆశకొద్దీ మిషన్లో ఉన్న మెమరీ అంతా దానికే రాసిచ్చేశాను. అప్పుడు అది హార్డ్ డిస్కు మీదికి సామాన్లు మోసుకోవడం మొదలెట్టింది. గరగరమని చప్పుడు, మౌసు కూడా కదల్లేదు. వెనక్కి తగ్గించి రెండు వందల యాభై ఆరు దగ్గర ఆపాను.

ఆ శనివారం మధ్యాహ్నం, ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు, తెర మీద తీర్పు వచ్చింది. తెల్లవాడిది గెలుపు. రాజు వెనక్కి నడిచి, చుట్టు తిరిగి వచ్చి, ఎదుటివాడికి కదలక తప్పని వంతు వచ్చేలా ఇరికించి బంటు కొడతాడు. ఎత్తులన్నీ వరసగా ఉన్నాయి. ప్రింటు తీసుకుని నేరుగా బజారుకి నడిచాను.

మాస్టారు కాగితం చదివి, గుడ్డ పరిచి, ఒక్కో ఎత్తూ వేసి చూసుకున్నారు. ఆయన సంబరపడతారనుకున్నాను. ఆయన బొమ్మలు ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకున్నారు. తరవాత, రేపు ఆదివారం కదా, నాతో వినుకొండ దాకా వస్తారా అని అడిగారు.

బస్సులో వెళ్ళాం. మాఘం వెళ్ళే రోజులు, దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వినుకొండ ఇవతలే దిగి ఆయన స్నేహితుడి కల్లానికి నడిచాం. ఆయన తలకి తువ్వాలు చుట్టుకుని కాయల్ని తిరగేస్తున్నాడు. ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. ఆయన కూతురు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మాస్టారు మజ్జిగ పక్కన పెట్టి, కల్లం గట్టు మీద గుడ్డ పరిచి బొమ్మలు పేర్చారు. కాగితం చూస్తూ రెండు వైపులా ఎత్తులు ఆయనే వేశారు. స్నేహితుడు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. చివరి బంటు పడ్డాక నా వైపు తిరిగాడు.

"మిషను చెప్పిందామ్మా ఇది?"

అవునండి అన్నాను. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆ రోజు నాకు భయమేసే సమానం అడిగాన్రా. నువ్వు కాదంటావనే అనుకున్నా. ముప్పై ఏళ్ళు నీతో అబద్ధం వాదించినట్టయింది."

మాస్టారు గుడ్డ మడిచేశారు. భోజనం చేసి వెళ్ళమంటే ఎండ పెరుగుతుందని చెప్పి లేచారు. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ ఒక్క మాటే మాట్లాడారు. గుంటూరు పోయుంటే ఏమయ్యేదో అని.

ఆ తరవాత కొన్ని వారాలు మాస్టారిలో మార్పు గమనించాను. ఆ కాగితాన్ని గోడకి అంటించారు. షాపుకి వచ్చినవాళ్ళకి పొదిలి ఆట గురించి చెప్పేవారు. చెబుతూ చెబుతూ చివరికి గొంతు మారేది. వాడు భయపడి అడిగాడు, నేను స్నేహమనుకుని ఇచ్చాను అనేవారు. ఒకసారి నేనక్కడ ఉండగానే ఫోను మోగింది. తెర మీద స్నేహితుడి పేరు చూసి, మోగనిచ్చి, జేబులో పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు వాదించుకుంటూ కూడా కలిసి ఉన్నవాళ్ళు, వాదన తేలాక దూరమవుతున్నారు. తేల్చింది నేను. నిజం చెప్పడం తప్పు కాదు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

చివరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె ఆ సెమిస్టరు ప్రాజెక్టుకి నా ప్రోగ్రామే తీసుకుంది. పట్టిక పరిమాణం మార్చుకుంటూ పోతే వెతకడానికి పట్టే సమయం ఎలా తగ్గుతుందో గీత గీసి చూపించడం ఆమె పని. లెక్క కోసం పొదిలి పేర్పునే ఇచ్చాను. ప్రతి పరిమాణానికీ అదే లోతు దాకా నడపాలి. చిన్న పట్టికతో నడపడానికి శుక్రవారం పెట్టిన మిషను సోమవారం దాకా నడిచింది. సోమవారం మధ్యాహ్నం ఆమె కాగితాలు పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది. గీత చక్కగానే వచ్చింది. మొదట నిటారుగా దిగి, తరవాత వాలి, చివర్న దాదాపు చదునైపోయింది. అయినా ఆమె ముఖంలో అనుమానం ఉంది.

"మేడం, మెమరీ పెంచితే తొందరగా చెప్పాలి, అంతేగా? జవాబు మారకూడదు కదా?"

మారకూడదు అన్నాను. ఆమె కాగితం తిప్పి చూపించింది. ఒక ఎంబీతో, నాలుగుతో నడిపినప్పుడు అదే లోతులో ప్రోగ్రాం సమానం అంటోంది. అరవై నాలుగు, రెండు వందల యాభై ఆరు దగ్గర గెలుపంటోంది.

చిన్న పట్టికలు లోతుకి పోలేదు కనక గెలుపు చూడలేదనుకున్నాను ఇన్నాళ్ళూ. లోతు ఒకటే అయినప్పుడు ఆ మాట నిలబడదు. ఆ సాయంత్రం నుంచి కోడు వరస వరసగా చదివాను. రెండో రోజు దొరికింది. పేర్పుకి అంకె కట్టేటప్పుడు ఏ బొమ్మ ఏ గడిలో ఉందో అన్నీ కలిపాను, కదలాల్సిన వంతు ఎవరిదో కలపలేదు. ఒక్క వరస మరిచిపోయాను.

మామూలు ఆటల్లో అది బయటపడదు. బొమ్మలన్నీ ముందుకి పోతూ ఉంటాయి, అవే బొమ్మలు అవే గళ్ళలో వంతు మారి ఎదురవడం అరుదు. రాజుల ఆటలో అలా కాదు. ఇద్దరు రాజులు ఎదురెదురుగా నిలబడితే, కదలాల్సినవాడే దారి వదలాలి. ఒక రాజు చుట్టు తిరిగి ఒక అడుగు వృథా చేసి వస్తే పేర్పు అదే, వంతు మాత్రం ఎదుటివాడిది. ఫలితం తారుమారు. నా ప్రోగ్రాం ఆ రెండింటినీ ఒకే అరలో దాచి, ఒకరి తీర్పు ఇంకొకరికి అంటగట్టింది. పట్టిక చిన్నదైనప్పుడు ఆ తప్పు తీర్పులు అక్కరకొచ్చేలోపే చెరిగిపోయి, ప్రోగ్రాం మళ్ళీ సొంతంగా ఆలోచించుకుంది. పెద్ద పట్టికలో ఏదీ చెరగలేదు. తప్పులన్నీ భద్రంగా ఉన్నాయి.

ఆ వరస చేర్చి నడిపాను. ఏ పరిమాణం ఇచ్చినా ఒకటే జవాబు. సమానం.

వారం రోజులు బజారు వైపు వెళ్ళలేదు. నా తప్పు చెప్పుకోవడానికి సిగ్గు ఒకటి. ముప్పై ఏళ్ళకి దొరికిన గెలుపుని ఆ మనిషి గోడ మీంచి నేనే ఊడదీయాలన్నది ఇంకొకటి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది, దాచుకోను. ఆ అమ్మాయి ప్రాజెక్టు పుస్తకంలో తప్పు ఎక్కడ దొరికిందో, ఎలా దిద్దామో రెండు పేజీలు రాసి సంతకానికి తెచ్చింది. అది చదివి సంతకం పెట్టాక ఇంక ఆగలేకపోయాను.

మాస్టారు కాజాలు కుడుతున్నారు. నిలబడే చెప్పేశాను. ప్రోగ్రాంలో తప్పుందని, ఆ తప్పు నాదేనని, ఆ ఆట సమానమేనని. ఆయన సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టారు.

"కూర్చోమ్మా. చూపించు."

అప్పటిదాకా నన్ను మేడం గారూ అనేవారు. గుడ్డ పరిచాం. ఈసారి కాగితం లేదు. ఆయన తెల్ల రాజుని వెనక్కి నడిపించి, చుట్టు తిప్పి తెచ్చారు. నేను నల్ల రాజుని ఒక గడి పక్కకి వేసి, మళ్ళీ వెనక్కి తెచ్చాను. ఆయన ఇంకో దారి పట్టారు. నేనూ పట్టాను. అలా పది పన్నెండు సార్లు అయ్యాక ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నేనొక అడుగు పారబోసుకుంటే వాడూ ఒకటి పారబోసుకుంటాడు. అంతేగా?"

అంతేనండి అన్నాను. ఆయన లేచి గోడ మీది కాగితం ఊడదీశారు. కోపంగా కాదు, గోరుతో జిగురు గీకుతూ నెమ్మదిగా. మడిచి నాకే ఇచ్చారు. క్షమించమని అడిగాను. నువ్వు తప్పు చెప్పావు, నేను వాడి ఫోను ఎత్తలేదు, ఎవరి లెక్క వాళ్ళదే అన్నారు. తరవాత ఫోను తీసి, నేను వినాలనో ఏమో, స్పీకరు పెట్టి చేశారు. రెండో రింగుకే స్నేహితుడు ఎత్తాడు.

"ఒరేయ్, పొదిలి ఆట సమానమేరా. మిషను తప్పు చెప్పిందంట."

అవతల ఎక్కడో ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

"నాకు తెలుసు" అన్నాడాయన. మీరు వచ్చి వెళ్ళిన రెండో రోజునే బొమ్మలు ముందేసుకుని కూర్చున్నానని, పక్కకి ఒక అడుగేసి మళ్ళీ వస్తే సరిపోతుందని దొరికిందని చెప్పాడు. చెబుదామనే అప్పుడు ఫోను చేశాడట.

"ఎత్తలేదుగా నువ్వు. తరవాత్తరవాత నాకే అనిపించింది, పోనీలే, ఇన్నేళ్ళకి ఒకసారి గెలిచాడు, నేనెందుకు చెడగొట్టాలని."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. భయపడి అడిగానన్నావుగా అని అడిగారు. భయం నిజమేరా, ఓడిపోతున్నాననే అనుకున్నా, ఓడిపోవట్లేదని నాకూ తెలీదుగా అన్నాడాయన. ఆ మాటకి ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వచ్చేశాను. నేను గడప దాటేసరికి వాళ్ళు ఆ సంవత్సరం కాయల ధర గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడు తరగతిలో ఈ పాఠం వచ్చినప్పుడు పిల్లల చేత ముందుగా పట్టిక లేకుండా నడిపిస్తాను, తరవాత చిన్న పట్టికతో, ఆ తరవాత పెద్దదానితో. సమయాల పక్కన జవాబుల వరస కూడా రాయమంటాను. వేగం ఎంత పెరిగిందని అడగడానికి ముందు, మూడు చోట్లా జవాబు ఒకటేనా అని అడుగుతాను. నా తప్పు కూడా చెబుతాను. పిల్లలు నవ్వుతారు, కానీ మరిచిపోరు. ఆ ప్రాజెక్టు చేసిన అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఇతరులు రాసిన ప్రోగ్రాములు పరీక్షించే పని. అది ఆమెకి సరిగ్గా అమరిందని నాకనిపిస్తుంది.

మొన్న వానాకాలంలో ఆ మిరప రైతు దర్శి వచ్చాడు. మాస్టారు కబురు చేస్తే వెళ్ళాను. ఇద్దరూ గుడ్డ మీద వంగి, వాళ్ళ పాత ఆట ఇంకొకటి పేర్చుకుని గట్టిగా వాదించుకుంటున్నారు. గుర్రాలు కూడా ఉన్నాయి ఈసారి. ల్యాబుకి తీసుకెళ్ళి నడిపి చూడమంటారా అని అడిగాను. మాస్టారు తల ఎత్తకుండానే చేత్తో ఆగమన్నారు. వీడి తప్పెక్కడో ముందు నేను చూపిస్తానమ్మా, ఆ తరవాత చూద్దాం అన్నాడు రైతు. కత్తిరింపు ముక్కల బస్తా పక్కకి జరుపుకుని కూర్చున్నాను. బయట వాన మొదలైంది.